జర్మనీ అంకమ్మరావు

సత్తెనపల్లి పత్తిమిల్లులో ఫిట్టరు అంకమ్మరావు లెక్కలో పాత కెమెరాలన్నీ జర్మనీలోనే పుట్టాయి. మూతబడ్డ స్టూడియోల్లోంచీ పాతసామాన్ల కొట్లలోంచీ ఏరుకొచ్చిన ప్రతి డొక్కు కెమెరానీ చెవి దగ్గర పెట్టుకుని, టిక్కుమనిపించి, కళ్ళు మూసుకుని "జర్మనీ" అని తేల్చేసేవాడు. ఒకదాని అడుగున 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉంటే, దానిమీద రెక్సిన్ ముక్క అంటించి మరీ జర్మనీ చేశాడు. డిజిటల్ వచ్చాక రీలు కెమెరాలు కారుచౌకగా దొరుకుతున్న రోజులవి. ఇక అతన్ని పట్టేదెవరు?

పట్టాలని చూసింది తల్లి పిచ్చమ్మ ఒక్కతే. ఏళ్ళతరబడి మిరపకాయల తొడిమలు తీసి, తాలు కాయల్ని చూపుతోనే ఏరిపారేసే మనిషి. చీరలు పెట్టుకునే అద్దాల బీరువా నిండా కొడుకు పేర్చిన కెమెరాలను చూస్తే ఆవిడకు ఒళ్ళు మండేది.

"అన్నీ తాలేరా! ఒక్కటన్నా పనిచేసిద్దా?"

ఆవిడకు కావలసింది ఒక్క ఫొటో. తోడికోడలు పోయినప్పుడు ఇంట్లో ఆమె ఫొటో లేక, ఎవరి పెళ్ళి ఫొటోలోంచో కత్తిరించి పెద్దది చేయించారు. దండ పక్కన, ఆమె భుజం మీద ఎవరిదో చెయ్యి ఇప్పటికీ ఉంది. ఆ గతి తనకు పట్టకూడదని పిచ్చమ్మ బెంగ. ముందుపళ్ళు కదులుతున్నాయి, అవి ఊడకముందే తీయించుకోవాలి.

"తీస్తాలేవే అమ్మా. షట్టరు నానుతోంది."

"అదేమన్నా పప్పంట్రా, నానడానికి?"

మిల్లులో ఏది బిగుసుకున్నా అంకమ్మరావు దగ్గరున్న మందు నూనె ఒక్కటే. కెమెరాలోనూ అదే పోశాడు. లెన్సు వెనక తెరుచుకు మూసుకునే ఆ పల్చటి షట్టరు రేకులు పొడిగా ఉండాలనీ, నూనె తగిలితే అతుక్కుపోతాయనీ కనుక్కునే ఓపిక ఎవరికి? అన్నీ తెలిసినవాడాయె.

ఒక ఆదివారం పిచ్చమ్మ తలంటుకుని, మంగళగిరి చీర కట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుంది. గడ్డం ఎత్తమన్నాడు, దించమన్నాడు, నవ్వొద్దన్నాడు. "ఆ టిక్కు విన్నావా? అదీ జర్మనీ అంటే!" కొడుకు ధ్యాస ఆ చప్పుడు మీదే ఉందని ఆవిడకు తెలుస్తూనే ఉంది. అయినా రీలు అయ్యేదాకా కదలకుండా కూర్చుంది, ఆశకొద్దీ.

రీలు కడిగిస్తే ఒక్క బొమ్మా లేదు. మీట టిక్కుమన్నదే గానీ, నూనెకు అతుక్కుపోయిన షట్టరు ఒక్కసారీ తెరుచుకోలేదు.

"ఫిలిం మంచిది కాదే అమ్మా," అన్నాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. "కెమెరాకేం, జర్మనీ."

"బతికుండంగానే నన్ను మాయం చేశావు గదరా!" అంది పిచ్చమ్మ. ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు అదే చీర కట్టుకుని బస్టాండు దగ్గరి స్టూడియోకి వెళ్ళింది. ఫొటోకు ఫ్రేము కట్టించి తెచ్చి, బీరువా పై అరలోని జర్మనీలన్నిటినీ ఒక మూలకు నెట్టి అక్కడ దాన్ని నిలబెట్టింది. ఫొటోలో హాయిగా నవ్వుతోంది.

మిల్లు నుంచి వచ్చిన అంకమ్మరావు ఫ్రేమును వెలుతురుకు తిప్పాడు. అంచులు చూశాడు, మూలలు చూశాడు, వేలితో అద్దం గీకి చూశాడు.

"ఏ కెమెరాతో తీశాడే?"

"నాకేం తెలుసురా," అంది పిచ్చమ్మ. "నన్ను చూసి తీశాడు."