మెరిసే ఉలి

పాత ఉలులూ బాడిసెలూ బాగుచేసే ఆ ముసలి వడ్రంగికి తుప్పంటే అసహ్యం లేదు; మెరుపంటేనే రోత. తుప్పునైతే కిరసనాయిలు గుడ్డతో రోజుల తరబడి ఓపిగ్గా రుద్ది, కింద దాగిన కమ్మరి ముద్రను చూసి పనిముట్టు వయసు చెబుతాడు. ఎవరైనా మెషిన్ పట్టి తళతళలాడించినది తెస్తే మాత్రం చచ్చిన ఎలుకను అందుకున్నట్టు రెండు వేళ్లతో అందుకుంటాడు. ఇవాళ అల్లుడు తెచ్చింది ముసలాయన తండ్రి వాడిన ఉలి, చెప్పకుండా పట్టుకెళ్లినది. "అద్దంలా చేశాను, చూడండి మామయ్యా!" ముద్ర అరిగిపోయింది. గ్రైండర్ వేడికి మొన నీలం తిరిగింది. ఇక ఆ ఉక్కు పదును నిలుపుకోదు. ఆయన "నీ చేతులు..." అనబోయేసరికి అల్లుడి వెనక నుంచి కూతురు దణ్ణం పెట్టింది. కక్కలేక మింగలేక, "బాగుంది బాబూ" అన్నాడు.

"నచ్చిందిగా! మిగతావి కూడా ఇచ్చేయండి, ఆదివారంలోగా చేసుకొస్తా."

ఆయన వెళ్లి పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు. భోజనానికి పిలిచినా లేవలేదు.