మిలిట్రీ సామి ముందర ఏడవగూడదు

ఒకే కంచంలో తిన్న స్నేహితుడు దేవుడైతే అతనితో ఎలా మసలుకోవాలో ఎవరినైనా అడుగుదామంటే, అలాంటి కష్టం వచ్చిన మనిషి నాకింకొకడు తగల్లేదు. ఉదయగిరి దాటి సీతారామపురం పోయే దారిలో మిలిట్రీ సామి ఎక్కడని అడగండి, లారీ డ్రైవర్లు కూడా చెబుతారు. వాడే నా స్నేహితుడు.

నేను ఆత్మకూరులో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చుంటాను. మిలిటరీ నుంచి పింఛను మీద వచ్చేసిన వాళ్లకు మా వైపు దొరికే ఉద్యోగం అదే. ఏటా వాడు పోయిన రోజున సెలవు పెట్టి మొదటి బస్సుకే బయల్దేరతాను. పోయి వాడి ముందు నిలబడతాను. వాడితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా తిరిగి వస్తాను. మాట్లాడనివ్వరు.

ముగ్గురం ఒకే రోజు సైన్యంలో చేరాం. నెల్లూరులో ఎంపికల వరసలో ముందూ వెనకా నిలబడి పరిచయమైన వాళ్లం. నేనూ, వీడూ, మర్రిపాడు వైపు నుంచి వచ్చిన ఇంకొకడూ. ట్రైనింగులో హిందీ అర్థం కాక ముగ్గురం ఒకే తప్పు చేసి, ఒకే శిక్ష పడి, మోచేతుల మీద పాకి పాకి స్నేహితులమయ్యాం. తర్వాత కొన్నేళ్లకు ఉత్తరాన మంచుకొండల్లో యుద్ధం వచ్చింది. వాళ్లిద్దరూ పైకెక్కే జట్టులో పడ్డారు. నేను కింద కంచరగాడిదలకు సామాన్లు కట్టి పంపే పనిలో పడ్డాను. అది మేము కోరుకున్నది కాదు, ఎవరిని ఎక్కడ వేస్తే అక్కడ ఉండాల్సిందే. నేను సామాన్లు కట్టి పంపిన గాడిదలు దిగి వచ్చాయి. వాటి వెనకే వాళ్లిద్దర్నీ మోసుకొచ్చారు.

వీడి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. చెరువు కట్ట కింద వీళ్ల ఇల్లు. వాళ్ల నాయన చెరువులో చేపలు పట్టేవాడు, చేపలు లేని రోజుల్లో కూలికి పోయేవాడు. వీడికి రక్తం అంటే భయం. ఇంట్లో కోడిని కోస్తున్నారంటే చెరువు కట్ట మీదికి పారిపోయేవాడట. కూర ఉడికే వాసన తగలగానే వచ్చి, మొదటి ముక్క తనకు పడలేదని అలిగేవాడట. ఇలాంటివాడు సైన్యంలో చేరడమేంటని వాళ్లమ్మ చెప్పి చెప్పి నవ్వేది. మందు వాసన అసలు పడదు. మెస్సులో ఇచ్చే రమ్ములో వాడి వాటా కూడా నేనే తాగేవాణ్ణి. ట్రంకుపెట్టెలో ఉదయగిరి చెక్క గరిటె ఒకటి దాచుకుని, స్టీలు చెంచాతో తింటే పప్పుకు రుచి పోతుందని దాంతోనే తినేవాడు. పంజాబు వాళ్లు చూసి పడీపడీ నవ్వేవాళ్లు. వాడికేం పట్టేది కాదు.

ఊళ్లో వాడి పేరున స్తూపం కట్టినప్పుడు మాత్రం బాగానే కట్టారు. ఊరి పెద్దాయన రోడ్డు పక్కన తన చేలో స్థలమిచ్చాడు. సిమెంటు దిమ్మె, దాని మీద తలకిందులుగా నిలబెట్టిన సిమెంటు తుపాకీ, తుపాకీ మడమ మీద ఇనపటోపీ, ముందువైపు నల్లరాతి పలక మీద వాడి పేరు. మొదట్లో నేను పోతే వాళ్లమ్మా నేనూ ఆ దిమ్మె మెట్టు మీదే కూర్చునేవాళ్లం. ఆమె పలక మీద చెయ్యి వేసి, పేరు పెట్టి పిలిచి, తిట్టి, ఏడ్చేది. నేను సిగరెట్టు వెలిగించుకుని, "ఏరా, ఎండగా ఉండాదా?" అని అడిగేవాణ్ణి. ఆమె ఏడుస్తూనే నవ్వేది. పోయినవాడితో అంతకంటే ఎవరైనా ఏం చేయగలరు?

తర్వాత ఒక లారీ బద్వేలు నుంచి వస్తూ స్తూపం ముందరి మలుపులో అదుపు తప్పింది. స్తూపానికి జానెడు దూరంలో ఆగింది. మిలిటరీ బట్టల్లో ఎవరో ఎదురుగా నిలబడి చెయ్యెత్తారని డ్రైవరు చెప్పాడు. కునుకు తీసిన మనిషికి ఏదైనా కనిపిస్తుందని ఒక్కడూ అనలేదు. కొబ్బరికాయ కొట్టారు. వానలు ఎగ్గొట్టిన ఏడాది ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి స్తూపం మీద పోశారు. ఆ వారంలోనే చెరువు నిండేంత వాన పడింది. ఇంకేముంది! మా మెట్ట ప్రాంతంలో వానను మించిన సాక్ష్యం ఏ దేవుడికీ అక్కర్లేదు.

ఊరివాళ్లను తప్పు పట్టడానికి కూడా నాకు నోరు రాదు. మా వైపు చేల గట్ల మీద కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ చెక్కిన పాత రాళ్లు కనిపిస్తాయి. ఊరి కోసం కొట్లాడి చచ్చినవాడికి రాయి నిలబెట్టి, పసుపు పూసి, కోడిని కోయడం తాతల నాటి నుంచీ ఉన్నదే. ఆ రాళ్లలో ఉన్నది ఎవరో, వాళ్లకోసం ఎవరు ఏడ్చారో ఇప్పుడెవరికీ తెలియదు. ఊరు తనకు తెలిసిన మర్యాదే వీడికీ చేసింది. కాకపోతే ఈ రాయికి తల్లి ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు పలక మీద పేరు కనపడదు, అంతా పసుపూ కుంకుమే. పైన రేకుల షెడ్డు వేశారు. రక్తం చూడలేనివాడి ముందు ఆదివారం వస్తే కోళ్లు తెగుతున్నాయి. మిలిటరీ వాడు కదా అని లారీల వాళ్లు రమ్ము తెచ్చి దిమ్మె మీద పోస్తారు. ఆ వాసనకు వాడు ఎక్కడున్నా ముక్కు మూసుకుంటాడు. ట్రంకుపెట్టెతో పాటు ఇంటికొచ్చిన ఆ చెక్క గరిటెతోనే పూజారి తీర్థం ఇస్తున్నాడు. ఒకసారి అలవాటు కొద్దీ "ఒరే" అన్నాను. అంతే, "సామిని ఒరే అంటావేందన్నా, కళ్లు పోతాయి!" అని నలుగురూ మీద పడ్డారు.

వాళ్లమ్మకు జరిగింది ఇంతకంటే అన్యాయం. భర్త పోయిన మనిషిని మా ఊళ్లలో పేరంటానికి పిలవరు. సామి తల్లి అయ్యాక మాత్రం ఊళ్లో పెళ్లికి పసుపు దంచే పని కూడా ఆమె చేతుల మీదుగానే మొదలవుతుంది. పెళ్లికొడుకులు కాళ్లకు మొక్కిపోతారు. ఇంత గౌరవం ఇచ్చి, ఒక్కటి తీసేసుకున్నారు. "సామి ముందర ఏడవగూడదమ్మా, ఊరికి అరిష్టం." ఇంట్లో ఏడ్చినా అంతే. సామి తల్లి ఏడుస్తోందంటే ఏ ఉపద్రవం వస్తుందోనని ఇరుగుపొరుగు వచ్చి చుట్టూ కూర్చుంటారు. ఆమె కళ్లు తుడుచుకుని వాళ్లకు మజ్జిగ ఇవ్వాల్సి వస్తుంది.

మూడోవాడికి, మర్రిపాడు వైపు వాడికి, ఈ బాధ లేదు. వాడి పేరుతో వాళ్ల ఊరి బడి గోడ పక్కన ఒక రాయి ఉంది. ఇంటివాళ్లు బతుకుతెరువుకు బెంగుళూరు పోయారు. నేను పోయిన ప్రతిసారీ ఆ రాయికి మేక కట్టేసి ఉంటుంది. మేకను విప్పి, నీళ్లతో రాయి కడిగి, వాడితో ఇష్టమొచ్చినంత సేపు మాట్లాడతాను. నేను బస్సెక్కేలోపు మేకను మళ్లీ కట్టేస్తారు. ఒకడికి కోళ్లు కోస్తున్నారు, ఇంకొకడికి మేకలు కడుతున్నారు. ఇద్దరిలో ఎవరు నయమో నాకు తేలదు.

ఈ ఏడు నేను పోయేసరికి వాళ్లమ్మ మంచం మీద ఉంది. మనిషి సగమైంది. నన్ను చూసి లేచి కూర్చుని, తలుపు దగ్గరికి వెయ్యమంది.

"అబ్బయా, నాకు ఒక పని చేసిపెట్టు. మళ్లీ ఏడాదికి ఉంటానో లేదో. నా బిడ్డ కాడ కాసేపు కూర్చోని ఏడ్చుకోవాల. పేరు పెట్టి పిలవాల. వాళ్లని కాస్త పక్కకి పొమ్మని చెప్పు నాయనా. నువ్వు చెప్తే వింటారు."

నేను చెబితే ఎవరు వింటారు? బ్యాంకులో వరసగా నిలబడమంటేనే వినరు. అయినా ఊరి పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన మంచి మనిషే. అరుగు మీద కూర్చోబెట్టి అంతా విన్నాడు.

"నాకు మటుకు తెలీదా? ఆ పిల్లోడు నా చేలో ఆడుకుంటా తిరిగినోడే గదా. కానీ ఊరంతా సామి అంటా ఉంటే నేనొక్కణ్ణే కాదంటే ఎట్టా? ఏదన్నా జరిగితే నా మీదకే వస్తాది. ఒక పని చెయ్యి. మధ్యాన్నం జనం అంతా అన్నదానం కాడికి పోతారు. అప్పుడు తీసకరా. ఎవురూ ఉండరు."

ఎండ మాడుస్తుండగా ఆమెను నడిపించుకుంటూ పోయాను. నిజంగానే ఎవరూ లేరు. పూజారి కూడా విస్తరి ముందుకు పోయినట్టున్నాడు. దూరంగా ఉదయగిరి కొండ ఎండకు తెల్లబోయి ఉంది. ఆమె మెట్టు మీద కూర్చుని, కొంగు తడిపి, పలక మీద పసుపు మెల్లగా తుడిచింది. పేరు బయటపడింది. ఆమెకు చదువు రాదు, అయినా ఆ అక్షరాల మీద వేలు పెట్టి పిలిచింది. చిన్నప్పుడు ఇంట్లో పిలిచే పేరు పెట్టి పిలిచింది. నేను ఆ పేరు విని ఎన్నేళ్లయిందో! ఇప్పుడు నేను కూడా "ఏరా" అందామని నోరు తెరిచాను.

ఇంతలో ఆమె ఏడుపు పెద్దదైంది. ఇన్నేళ్లుగా మింగినదంతా ఒక్కసారి పైకొచ్చింది. తల ఊగిపోతోంది, జుట్టు ముడి ఊడిపోయింది, రెండు చేతులతో దిమ్మెను చరుస్తోంది. "ఎంత చలికి ఓర్చుకున్నావో నాయనా! చలి, నాయనా, చలి!" అంటోంది. ఏటా నన్ను అడిగే మాటే అది. ఆడ బాగా చలా అని అడిగేది, అలవాటైపోతుందమ్మా అని నేను చెప్పేవాణ్ణి. ఆమె ఏనాడూ నమ్మలేదన్నమాట.

రోడ్డు మీద చంటిబిడ్డతో పోతున్న ఒకామె ఆగి చూసింది. చూసి, వెనక్కి తిరిగి కేకేసింది.

"సామి పూనినాడు! అవ్వ మీదికి సామి వచ్చినాడు!"

విస్తళ్ల ముందు నుంచి జనం ఎంగిలి చేతులతోనే పరుగెత్తుకొచ్చారు. డప్పులు వచ్చాయి. వేపమండలు వచ్చాయి. ఆమె నెత్తి మీద పసుపునీళ్లు కుమ్మరించారు. "పూనకం కాదయ్యా! తల్లి ఏడస్తా ఉండాది! కొడుకు కోసం ఏడస్తా ఉండాది!" అని అరిచాను. డప్పుల మోతలో నా అరుపు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఎవరో నా రెక్క పట్టుకుని పక్కకు లాగి, "అడ్డం రాబాకన్నా, సామికి కోపమొస్తాది" అన్నారు. మంచి మాటగానే అన్నారు. పెద్దాయన నా వైపు చూసి తల దించుకున్నాడు.

"సామీ, ఈ ఏడన్నా చెరువు నిండుతాదా?" అని ఒకరు. "సామీ, నా బిడ్డకి సంబంధం కుదురుతాదా?" అని ఇంకొకరు. ఆమె నోట మాత్రం నాయనా, నాయనా, చలి, అదే మాట. చివరికి పూజారి చెయ్యెత్తి అందర్నీ ఆపి ప్రకటించాడు. "సామికి చలేస్తా ఉండాదంట!"

ఆ ఎండలో పరుగున పోయి దుప్పటి తెచ్చారు. దిమ్మెకూ తుపాకీకీ టోపీకీ కలిపి కప్పి తాడుతో కట్టారు. వెనక నుంచి ఇంకా రెండు మూడు దుప్పట్లు వస్తూనే ఉన్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, నేను చేసింది అదే. బయటపడిన ఆ పేరు మళ్లీ కనపడకుండా పోయింది.

ఎప్పటికో డప్పులు ఆగాయి. హారతి ఇచ్చి ఆమెను నాకు అప్పగించారు. ఇంటికి తీసుకొచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నా వల్ల కాలేదమ్మా" అన్నాను.

ఆమె మొహం కడుక్కుంది. జుట్టు ముడి వేసుకుంది. ఏళ్ల తర్వాత ఆ మొహం తేలిగ్గా కనిపించింది.

"పోనీలే నాయనా. పూనకం అనుకుంటే అనుకోనీ. ఎవురూ నోరు మూసుకోమనలేదు గదా. కడుపారా ఏడ్చినాను. బతికుంటే మళ్లీ ఏడాది గూడా ఇట్టాగే ఏడుస్తాను." నా చెయ్యి పట్టుకుంది. "నీకే పాపం, అది గూడా లేదు."

సాయంత్రం బస్సెక్కాను. మలుపు దగ్గర డ్రైవరు అలవాటుగా బండి నెమ్మది చేసి హారను కొట్టాడు. కిటికీలోంచి చూశాను. ఇంకా దిగని ఎండలో వాడు దుప్పట్లు కప్పుకుని నిలబడి ఉన్నాడు. ఏరా అనబోయాను. బస్సులో అందరూ లేచి దణ్ణం పెడుతున్నారు. పక్క సీటులో ముసలాయన నా మోచెయ్యి తట్టి, "మిలిట్రీ సామయ్యా, చానా సత్యమైనోడు, మొక్కుకో" అన్నాడు.

నేనూ చేతులు జోడించాను.