వేలి గాయం చెప్పని మనిషి

మా ఆయనకు కడుపులో క్యాన్సర్ అని తేలాక, ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేయించారు. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగూ, అంకెలూ నేర్పాడు. ఆ పుణ్యాన రిపోర్టులో లావుగా అచ్చయిన అంకెలు నాలుగు కనబడ్డాయి. లావుగా అచ్చేస్తే ఏదో తేడా ఉన్నట్టేనని అప్పటికే తెలుసు.

మేం బతుకుదెరువుకు వచ్చిన ఈ ఊళ్లో డాక్టరమ్మకు తెలుగు రాదు, హిందీలోనే ఓపికగా చెప్పింది. రక్తంలోని తెల్లకణాల్లో రెండు రకాలను పోల్చి చూస్తారట. న్యూట్రోఫిల్స్ బాగా పెరిగి, లింఫోసైట్లు తగ్గితే ఒంట్లో వాపు ఉన్నట్టు. సీఆర్‌పీ అనేదీ అలాంటి గుర్తే. కడుపు క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఇవి ఇలా ఉంటే జబ్బు మొండికేసే అవకాశం ఎక్కువట. కానీ ఎక్కడైనా చీము పట్టినా ఇవే పెరుగుతాయి కనుక, జ్వరం, పంటినొప్పి, గాయం ఏమన్నా ఉన్నాయా అని ఆయన్ని రెండుసార్లు అడిగింది. ఆయన రెండుసార్లూ లేదన్నాడు. అయితే జబ్బు పాకిందేమో, ఇంకో స్కాన్ చూసేదాకా ఆపరేషన్ ఆపుదామంది.

రిక్షాలో దారి పొడుగునా దేవుణ్ని తలుచుకుంటూనే ఉన్నాను. ఆయనేమో తను పనిచేసే శాంతి నగర్‌లో దింపితే కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, చూసి వస్తానంటాడు. దిగనివ్వలేదు.

ఇంట్లో అన్నానికి చేతులు కడుక్కుంటుంటే చూశాను. ఎడమచేతి చూపుడు వేలికి నూలు చుట్టి ఉంది. విప్పితే వేలు ఉబ్బి, గోటి పక్కన పచ్చగా చీము. మా సాంచాల దగ్గర అంతే. నడిచే మగ్గంలో తెగిన పోగు అందుకోబోయి వేలు కోసుకుంటే, ఇంత మిషన్ నూనె పూసి, నూలు చుట్టి, మళ్లీ పనిలో పడతారు. దాన్ని గాయమన్నవాణ్ని కొత్తగా వచ్చినవాడని నవ్వుతారు. డాక్టరు అడిగినా ఆయనకు అది గాయంగా గుర్తుకు రాలేదు.

"ఏందిది? అంతగనం అడిగితే చెప్పరాదా?" అన్నాను.

"సాంచా గీరింది, గంతే. కడుపు చూపియ్యబోయి వేలు చూపిస్తరా ఎవరన్న?"

అన్నం వడ్డిస్తున్న మా బిడ్డ గిన్నె కింద పెట్టింది. "వేలికొక రక్తం, కడుపుకొక రక్తం ఉంటదా బాపూ?"

ఆయన విప్పిన నూలు మళ్లీ చుట్టుకోబోయాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అయినా ఆ చీమును చూసి దేవుడికి దండం పెట్టుకున్నది కూడా నేనే. అంకెలు పెరగడానికి కారణం జబ్బు పాకడం కాక అదే కావాలని ఎంత ఆశపడ్డానో.

మర్నాడు డాక్టరమ్మ తిట్టకుండా చీము తీసి, మందులిచ్చింది. ఆమె ఓర్పుకు చేతులు జోడించాను. వేలు పూర్తిగా మానాక మళ్లీ రక్తం తీశారు. స్కాన్‌లో జబ్బు పాకినట్టు కనబడలేదు. సీఆర్‌పీ దిగింది. ఆ రెండు రకాల తెల్లకణాల లెక్క కూడా దిగింది గానీ, ఇంకా కాస్త ఎక్కువే ఉంది. ఒక్క అంకెతో ఎవరి ఆయుష్షూ తేలదని చెప్పి, బుధవారం ఆపరేషన్ అని రాసిచ్చింది.

బయట బెంచీ మీద రిపోర్టు పట్టుకొని కూర్చున్నాను. తగ్గినంత మేరకు దేవుడికి దండం పెట్టాను. మిగిలిన ఆ కాస్తకు వేలు కారణం కాదు, కడుపులో జబ్బే. ఇక ఆయన్ని కోప్పడటానికి కూడా నాకు ఏమీ మిగల్లేదు.