పిచ్చుకగూడు

పొలం ఫ్యాక్టరీ కింద పోయాక దేముడమ్మ గోపాలపట్నంలో ఓ బాలవాడికి ఆయాగా వచ్చింది. ఇరుకు ఇళ్ల మధ్య మిగిలిన పెరట్లో చిక్కుడుపందిరిని పిల్లలు దూరేంత ఎత్తులోనే వేసింది. పిచ్చుకగూళ్లు నిలవాలని రోజూ ఇసుకకుప్ప మీద బిందెడు నీళ్లు చల్లి, పిల్లల పాదాల మీద ఆ తడి ఇసుకను తనే తట్టేది.

పిల్లల బట్టలు మాస్తున్నాయని వేసవి సెలవుల్లో బాలవాడి కమిటీవాళ్లు పందిరి పీకించి, ఇసుక ఎత్తించి, పెరడంతా సిమెంటు చేయించారు. బాలవాడి తెరిచిన పొద్దున దేముడమ్మ అలవాటుగా బిందెడు నీళ్లు ఆ సిమెంటు మీదే చల్లేసింది. నాలుగేళ్ల నూకాలు ఆ తడిలో పాదం పెట్టి, పైన ఉత్తచేతులతో తట్టి, పాదాన్ని మెల్లగా వెనక్కి లాక్కుంది.

“అమ్మమ్మా, గూడు రానేదే!”

“వొచ్చింది గదే, నాకు అగుపడతంది. తొక్కకు.”

తడి ఆరేదాకా దేముడమ్మ ఆ చోటు తొక్కకుండా పక్కనుంచే నడిచింది.