కాచిన శాంపిల్

నేరేడుచర్ల దగ్గరి పల్లెలో పశువుల డాక్టరుగా చేరిన కొత్తలో, అంటే 2012లో, నాకు బాగా వచ్చినవి రెండే: ఫోన్ చూడటం, కోపం తెచ్చుకోవడం. హైదరాబాద్‌లో పెరిగినదాన్ని. చదువులో చేరేదాకా బర్రె అంటే నాకు ట్రాఫిక్ ఆపే జంతువు, అంతే.

ఒక పొద్దున ఒక ముసలవ్వ దవాఖానకు వచ్చింది. ఆమెకున్నది ఒక్కటే బర్రె. పొదుగులో ఒక చన్ను వాచి, పాలు ముక్కలు ముక్కలుగా పడుతున్నాయట. ఊళ్లో సూదులేసే ఆయన అప్పటికే మూడు రకాలు వేశాడు. తగ్గలేదు. ఆ చన్ను ఎండిపోతే ఇక పాలివ్వదని ఆమె భయం. ఆ భయం నిజమే.

"గట్టి సూది ఒక్కటి గుచ్చు బిడ్డా, ఖతం."

"ఏది పడితే అది గుచ్చితే క్రిములు మొండికేస్తాయి అవ్వా. పాలలోని క్రిములను ల్యాబులో పెంచి, ఏ మందుకు చస్తాయో ముందు టెస్ట్ చేయించాలి."

"రోగం కండ్లకు కనవడ్తుంటే టెస్టేంది? నా బర్రె పరీక్ష రాస్తదా?"

బర్రెకు జ్వరం లేదు, మేత తింటోంది. రెండు రోజులు ఆగొచ్చు. శాంపిల్ నేనే తీద్దామని వాళ్ల కొట్టానికి వెళ్లి పొదుగు దగ్గర కూర్చున్నాను. బర్రె ఒక్కటిచ్చింది. నేను ఒకవైపు పడ్డాను, నా ఫోన్ పేడలో పడింది.

"కొత్త చెయ్యికి పాలు చేపదు బిడ్డా. సీస గీడ పెట్టిపో, తెల్లారి నేనే పిండిత," అంది అవ్వ.

నేను ఫోన్ తుడుచుకుంటూనే చెప్పేశాను. "చన్ను కడుగు, మొదటి ధారలు పారబొయ్యి, తర్వాతివి సీసాలో పట్టు. సూర్యాపేట ల్యాబు దాకా పోవాలి, పాడు కాకుండా చూడు."

మరునాడు ఆ సీసాను బస్సులో నేనే తీసుకెళ్లి ఇచ్చాను. రెండు రోజులకు ల్యాబాయన ఫోన్ చేశాడు.

"ఒక్క క్రిమి పెరగలే మేడం. ప్లేటు ఎట్ల పెట్టినమో గట్లే ఉన్నది."

"ముక్కలు పడే పాలండీ అవి! సీసా మార్చేశారు మీరు!" నడిరోడ్డు మీద అరిచాను. షేర్ ఆటో ఎక్కబోతున్నవాళ్లు ఆగి మరీ విన్నారు.

"గా దినం నాకొచ్చింది ఒక్కటే సీస మేడం. దేనితోటి మార్చాలె?"

ఆ కోపంతోనే అవ్వ దగ్గరికి వెళ్లాను. "ఏం చేశావ్ ఆ పాలను?"

"ఏం జేస్త? పాడు కాకుండ సూడమంటివి గద. ఎండకు విరుగుతయని మంచిగ కాచి, గుడ్డల వడబోసి పోసిన."

పాలు పాడు కాకుండా ఏ ఇంట్లోనైనా చేసేది అదే. వెతకమని నేను పంపిన క్రిములను ఆమె పొయ్యి మీదే చంపేసింది. చెయ్యమన్నది నేనే.

ల్యాబాయనకు ఫోన్ చేసి సారీ చెప్పాను. నా ఫోన్‌లోంచి ఆ మాట పోవడం అదే మొదటిసారి. రెండో శాంపిల్‌కు సోడా బండి దగ్గర ఐసు తెచ్చి, పక్కనే కాపలా నిలబడ్డాను. పిండుతున్నంతసేపూ అవ్వ గొణుగుతూనే ఉంది. "కాయనియ్యదు, వడబొయ్యనియ్యదు. గిదేం సదువో!"

ఈసారి క్రిమి దొరికింది. ముందు వేసిన మూడు సూదుల్లో ఒక్కటీ దానికి పనిచేయదట. పనిచేసేది మా బీరువాలోనే ఉన్న పాత మందు.

"గీ సన్న సూదా? గట్టిది లేదా?" అవ్వ మొహం చిన్నబోయింది. ఆ మందు నడిచే రోజులు, ఆ తర్వాత ఇంకొన్ని రోజులు ఏ చన్ను పాలూ పాల కేంద్రానికి పోయొద్దు, ఇంట్లో తాగొద్దన్నాను. నన్ను తిడుతూనే అన్నీ గుంతలో పోసింది.

నెల తిరగకముందే ఒకరోజు నన్ను పిలిచి చాయ్ ఇచ్చింది. గ్లాసు అందుకుని అనుమానంగా చూశాను.

"నువ్వు చెప్పిన రోజులు ఎప్పుడో దాటినయి బిడ్డా. గా సన్ను పాలే, తాగు. మంచిగ కాచిన," అంది. అంతలోనే ఆగి, నా మొహంలోకి భయంగా చూసింది.

"వీటిని కాయొచ్చు గద?"