కాచినా పోని విషం

1983 జూలై 12, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు రెండో గొట్టంలోని కణాలు నీలంగా మారడం చూశాను. మారకూడదు. ఆ గొట్టంలో నేను ఏమీ కలపలేదు.

రాజమండ్రిలో ఒక ఆసుపత్రి వెనక ఉన్న చిన్న ప్రయోగశాల మాది. నాకప్పుడు నలభై ఒకటి. కొన్ని బాక్టీరియాల పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది తగిలితే మన రక్తంలోని తెల్లకణాలు రెచ్చిపోతాయి. పసుపుపచ్చని ఒక రంగునీటిలో వేస్తే, రెచ్చిన కణాల లోపల నీలం పేరుకుంటుంది. మా ప్రయోగశాల పెద్ద, సారు, తెప్పించిన విషానికి మెరిసే రంగు జతచేసి ఉంది. ప్రత్యేక దీపమున్న మైక్రోస్కోపులో అది ఆకుపచ్చగా వెలుగుతుంది. విషం అంటుకున్న కణమే రెచ్చిపోతోందా, అంటుకోనిది కూడానా అన్నది నా ప్రశ్న. సీసాలో ఉన్నది నాలుగు ప్రయోగాలకే సరిపోతుంది. మళ్లీ తెప్పించే వీలు లేదు.

విషం కలపని గొట్టంలోనే నూటికి యాభై ఎనిమిది కణాలు నీలమైతే, కలిపిన గొట్టం లెక్కకు అర్థం లేదు. రెండో ప్రయోగమూ అంతే అయింది. మూడోదీ అంతే.

"గొట్టాలు సరిగ్గా కడిగారా?" అని మా అటెండరును అడిగాను. ఆయన నాకన్నా పదేళ్లు పెద్ద.

"మూడుసార్లు ఉడకబెట్టానండి. మా మనవరాలికి పట్టే నీళ్లు కూడా అన్నిసార్లు కాయమండి."

గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజులవి. కాచిన నీళ్లంటే మా వైపు ఎవరికీ అనుమానం ఉండదు, నాకూ రాలేదు. కాచితే బాక్టీరియా చస్తుంది. దాని పైపొరలోని విషం మాత్రం గాజుకు అంటుకుని అలాగే ఉంటుంది. పదేళ్లు పాఠంగా చెప్పినదాన్ని సొంత గొట్టాల దగ్గర మరిచిపోయాను.

పొడి వేడి కావాలి. రెండు వందల యాభై డిగ్రీలు, అరగంట. మా ఓవెన్ నూట ఎనభై దాటదు. గొట్టాలు రేకు డబ్బాల్లో సర్ది, థర్మామీటరు పట్టుకుని, రిక్షా ఎక్కి బేకరీకి వెళ్లాను.

యజమాని మూత తీసి చూశాడు. "ఏంటండీ డాక్టరమ్మగారూ, గాజు బిస్కెట్లా?"

"అరగంట కాల్చి ఇవ్వండి. లోపల కంటికి కనపడని విషం ఉంది."

"బాగుందండి! రేపట్నుంచి నా రొట్టెలన్నీ మీరే కొనుక్కోండి."

"ఆ వేడికి అది మాడిపోతుందండి. తరవాత దిగే మొదటి రొట్టె నేనే తింటాను."

"తినాలండి మరి, నా ఎదురుగానే."

తిన్నాను. ఈలోగా పనివాడు వేడి డబ్బాను తీసి తడి గోనె మీద పెట్టాడు. ముప్ఫై ఎనిమిది గొట్టాలు, వాటితోపాటు థర్మామీటరు పగిలాయి.

మర్నాడు వెళ్తే, "మళ్లీనా అండీ?" అన్నాడు యజమాని.

"మళ్లీనే. గోనె నేనే తెచ్చాను. పొడిది."

నీళ్ల సంగతీ అప్పుడే తేల్చుకున్నాను. మా సీసాల్లో నిలవున్న నీళ్లు పారబోసి, ఆసుపత్రిలో ఇంజక్షన్లకు వాడే నీళ్లు అడిగి తెచ్చుకున్నాను.

సెప్టెంబరు 13న నా రక్తమే తీయించుకుని చివరి ప్రయోగం చేశాను. విషం కలపని గొట్టంలో నూటికి నాలుగు నీలం. కలిపిన గొట్టంలో అరవై రెండు. ఆకుపచ్చ వెలుగు చూస్తుండగానే మాసిపోతుంది కనక ఒక్కో కణాన్నీ ముందు ఆ దీపంలో, వెంటనే మామూలు వెలుతురులో చూశాను. అరవై రెండింటిలో యాభై మూడు ఆకుపచ్చగా కూడా వెలిగాయి. తొమ్మిది వెలగలేదు.

సారు కాగితం చూశారు. "ఆ తొమ్మిదీ వదిలెయ్యమ్మా. నీలం ముదిరి ఆకుపచ్చని కప్పేసి ఉంటుంది."

"అయ్యుండొచ్చండి. నాకు కనబడలేదు. కనబడినదే రాశాను."

"అవి పెడితే మొత్తం లెక్కనే అనుమానిస్తారు."

"అనుమానించనివ్వండి. తీసేస్తే నేనే అనుమానించాల్సొస్తుంది."

"మొండిదానివి," అన్నారు. తొమ్మిదితో సహా సంతకం పెట్టారు.

పోయినవి: అరవై మూడు రోజులు. మూడు ప్రయోగాల విషం వృథాగా, నాలుగోది పనికొచ్చి, సీసా ఖాళీ. గొట్టాలు ముప్ఫై ఎనిమిది. థర్మామీటరు ఒకటి. ఫోటో తీసే సౌకర్యం లేక, యాభై మూడు కణాల ఆకుపచ్చ వెలుగు, ఆ సాయంత్రానికే.