నా సాక్ష్యాన్ని సరిదిద్దిన స్కానింగ్

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు! మాన్విలో జొన్న రొట్టెలు చేసి అమ్ముకునే నన్ను మీరెరుగుదురు. కీళ్లవాతం వచ్చి రెండు చేతులూ పూరీల్లా పొంగి, పొద్దున లేస్తే జడ వేసుకోలేక, ముద్ద నోటిదాకా ఎత్తలేక, నా భర్త నా తల దువ్వితే సగం జుట్టు దువ్వెనలోనే మిగిలిపోయిన చీకటి రోజులవి! మందులు వాడాను, మీరంతా ప్రార్థించారు, నొప్పి పోయింది. పోగానే నేనేం చేశాను? ఇక్కడే నిలబడి "సంపూర్ణ స్వస్థత!" అని కేక వేసి, చప్పట్లు కొట్టి చూపించి, ఇంటికెళ్లి మాత్రలన్నీ ఎవరికీ చెప్పకుండా చెత్తలో పారేశాను.

మూడు నెలలకు నా భర్త బలవంతం మీద రాయచూరు వెళ్తే, డాక్టరమ్మ నా వేళ్లు నొక్కి చూసి, "పైకి వాపు కనపడ్తలేదు, లోపల ఎట్లుందో స్కానింగ్‌ల చూద్దాం" అన్నది.

ఆ గది ముందు కూర్చున్నవాళ్లంతా గర్భిణులే! పక్కనున్న అమ్మాయి యాభై నాలుగేళ్ల నన్ను ఎగాదిగా చూసి, "ఎష్టు తింగళాయ్తు?" అని, ఎన్ని నెలలైందని కన్నడంలో అడిగింది. రోగం సంగతనుకొని నా భర్త గట్టిగా, "పద్దెనిమిది నెల్లాయె బిడ్డా! రెండు దిక్కుల ఉంది!" అన్నాడు. పాపం, ఆ పిల్ల కడుపు పట్టుకొని రెండు కుర్చీల అవతలికి జరిగింది!

లోపల డాక్టరమ్మ నా మణికట్టుకు చల్లటి జెల్ రాసి యంత్రం ఆనించగానే, తెరమీది నలుపు తెలుపు బొమ్మలో ఎర్రటి చుక్కలు మిణుకుమన్నాయి.

"అవేందమ్మా?" అన్నాను.

"వాపున్న కాడ రక్తం ఎక్కువ పారుతది, గదే ఎర్రగ కనపడ్తది. నొప్పి లేదని ఊకుంటే కీలు లోపల్లోపలే పాడై వేళ్లు వంకర పోతయ్. మాత్రలు మింగుతున్నవా?"

మింగుతున్నానని చెప్పడానికి నోరు తెరిచాను, కానీ ఎదురుగా తెర! "ప్రభువా, నా ఎముకల సంగతి ఇన్నాళ్లూ నీకొక్కడికే తెలుసు, ఇప్పుడు ఈమెకూ తెలిసిపోయింది, ఇంకొక అబద్ధం రాకుండా నా నాలుక పట్టుకో!" అని మనసులో మొరపెట్టి, "బంద్ చేసినమ్మా" అని ఏడ్చేశాను. మళ్లీ మందుల చీటీ రాసిచ్చిన డాక్టరమ్మ ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆ లోటు నా భర్త మాన్వి దాకా బస్సులో తీర్చాడు!

మళ్లీ మందులు మొదలుపెట్టాను. మొన్నటి స్కానింగ్‌లో ఒక్క చుక్క లేదు, దేవునికే మహిమ! "గట్లని మాత్రలు ఆపకు" అన్నది డాక్టరమ్మ. ఆపను. ఆనాడు తొందరపడి చెప్పినందుకు నన్ను క్షమించండి. బాధను, భయాన్ని దాచుకున్నవాళ్లు మీలో ఉంటే, ముందు దేవునికి, తర్వాత డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. అబద్ధమాడిన నా చేయే వదలని దేవుడు మీ చేయి వదులుతాడా? నమ్మి రండి!